తల తిప్పి చూసే కెమెరా

మొదటి రీలు నిండా నా వేళ్ళే పడ్డాయి. ఇరవై రెండు ఫోటోల్లో ఒక్కటీ తప్పలేదు. ఎడమ పక్క వేళ్ళు, కుడి పక్క వేళ్ళు, మధ్యలో మాదాపూర్. మామూలు కెమెరాను పట్టుకున్నట్టే రెండు చేతులతో రెండు పక్కలా గట్టిగా పట్టుకుని తీశాను మరి. ఈ కెమెరాకి పక్కలు కూడా కనపడతాయని చదివాను, తెలుసు, అయినా చేతులు పాత అలవాటు మానుకోలేదు.

ఇది రష్యాలో చేసిన పాత కెమెరా. వయసులో నాకంటే పెద్దది. బరువు ఇటుకంత. లెన్సు బయటికి పొడుచుకుని ఉండదు, ముందు భాగంలో ఒక చిన్న గుండ్రటి డబ్బాలో దాక్కుని ఉంటుంది. ఆ డబ్బా వెనక సన్నటి చీలిక. బటన్ నొక్కితే డబ్బా గిర్రుమని ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ ఆ చీలికలోంచి వెలుగు ఫిల్ము మీద కొంచెం కొంచెంగా పరుచుకుంటుంది. మామూలు ఫోటోకి రెండింతలు పొడుగున్న ఫోటో వస్తుంది. ఆ మాత్రం ఫోన్‌లో కూడా వస్తుంది కదా అని అందరూ అడిగారు. వస్తుంది. ఫోన్ ముక్కలన్నీ అతికించి, అతుకులు దాచిపెట్టి మరీ ఇస్తుంది. ఇది ఏదీ దాచదు, నా వేళ్ళతో సహా.

నేను పదిహేడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో తప్పులు ఎప్పుడూ మధ్యలో ఉండవు, అంచుల్లో ఉంటాయి. వంద మందికి చేసిన దానిలో నూటొకటో మనిషిని కూర్చోబెట్టి చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి ముందు ఇదే చెప్పేదాన్ని. అంత చెప్పినదాన్ని, నా చూపు అంచులు అరిగిపోతుంటే నాలుగేళ్ళు కనిపెట్టలేకపోయాను. పక్కనుంచి వచ్చే బైకులు ఉన్నట్టుండి ఎదుట ప్రత్యక్షమైతే, హైదరాబాద్‌లో ఎవడికీ బండి నడపడం రాదని తిట్టుకున్నాను.

దవాఖానలో ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను నొక్కినవాటికంటే నొక్కనివే ఎక్కువని కాగితం బయటికి వచ్చాక తెలిసింది. మధ్యలో చిన్న తెల్లటి వృత్తం, చుట్టూ నలుపు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు డాక్టరమ్మ. పోయిన చూపు తిరిగి రాదు. రోజూ కంట్లో చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలవచ్చు, నిలవకపోనూ వచ్చు. పక్కలు కనపడవు కాబట్టి ఎటు వెళ్ళినా తల తిప్పి తిప్పి చూడడం అలవాటు చేసుకోమన్నారు. బండి మానేయమన్నారు. ఒంటరిగా తిరగకపోతే మంచిదన్నారు. ఆ చివరి మాట నాతో కాదు, నా పక్కన కూర్చున్న మా ఆయనతో అన్నారు.

కాగితం మీదున్న నలుపు నాకు నిజంగా నల్లగా కనపడుతుందని చాలామంది అనుకుంటారు. కనపడదు. అక్కడ ఏదో లేదన్న సంగతే తెలియదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

వారం తిరక్కుండా మా ఆయన నా స్కూటర్ అమ్మేశారు. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, ఎంతో దయగా. హఫీజ్‌పేట్‌లో మా మూడో అంతస్తు ఇంట్లో హాలు, పడకగది, వంటిల్లు, ఇక అంతే నా ప్రపంచం. సరిగ్గా ఆ వారమే మా టీంలో ఒకతను ఊరు మారుతూ సామాన్లు అమ్ముకుంటుంటే ఈ కెమెరా బయటపడింది. "పని చేయదు మేడం, డబ్బా మధ్యలో ఆగిపోతుంది. షోకేసులో పెట్టుకోడానికి బాగుంటుంది" అన్నాడు. షోకేసు మాట వినగానే నాకు ఎక్కడో కాలింది. తీసుకుని తిన్నగా బాలానగర్ వెళ్ళాను.

నేను పుట్టి పెరిగింది బాలానగర్‌లోనే. మా నాన్న అక్కడ లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ఆయనతోపాటు పని చేసిన పెద్దాయన ఒకరు ఇంకా ఓ చిన్న షెడ్డులో కూర్చుని పాత కొలత పరికరాలు బాగుచేస్తుంటారు. చిన్నాయనా అని పిలుస్తాను. ఆయన కెమెరాను అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, బటన్ నొక్కి విన్నారు.

"ఏంది బిడ్డా, ఇది కెమెరానా, గడియారమా?"

"కెమెరానే చిన్నాయనా. ఫోటోల నిలువు చారలు వస్తయంట."

"వస్తయి మరి. లోపల గ్రీజు గట్టిపడ్డది. జర తిరుగుతది, ఆగుతది, మళ్ళ తిరుగుతది. ఆగిన కాడ చార."

"బాగైతదా?"

"కాకేం జేస్తది."

మరలన్నీ విప్పి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, ఒక్కొక్క చుక్క సన్న నూనె వేసి బిగించారు. డబ్బా విప్పి బల్ల మీద పెట్టినప్పుడు ఆ చీలిక చూశాను. వేలి గోరంత వెడల్పు కూడా లేదు. ఇంత సన్నటి సందులోంచి చూస్తూ అంత వెడల్పు ఫోటో తీస్తోంది, కేవలం తల తిప్పడం వల్ల. నా గురించి డాక్టరమ్మ చెప్పింది అదే కదా అనిపించింది. ఆవిడ జాలిగా చెప్పారు, ఇది పనిగా చేస్తోంది. ఆ షెడ్డులో, ఇనప రజను వాసనలో, దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి నవ్వాను.

ఇంటికొచ్చి చెప్పాను. ఆదివారాలు పొద్దున నేనొక్కదాన్నే వెళ్తాను, ఫోటోలు తీసుకుంటాను, తిరిగొస్తాను.

మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో పని చేస్తారు. భీమవరం మనిషి. గొంతు పెంచరు, కానీ పట్టిన పట్టు విడవరు. "నేనూ వస్తాను. నీ మానాన నువ్వు తీసుకో, నేను పక్కనుంటాను" అన్నారు.

"వద్దు. మీరు పక్కనుంటే చెయ్యి పట్టుకుంటరు."

"పట్టుకుంటే ఏంటంట?"

"పట్టుకుంటే నేను గుడ్డిదాన్నని నాకే అనిపిస్తది."

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఒప్పందం కుదిరింది. నా వైపు నుంచి ఒట్టు: ఒక్కసారి కిందపడ్డా, దేనికైనా గుద్దుకున్నా, ఇక ఒంటరిగా గడప దాటను. ఆయన వైపు నుంచి ఒట్టు: నా వెంట రారు. ఆయన మొహం ముడుచుకుని ఒట్టేశారు. అలక తీరలేదని చూపించడానికి ఆ కెమెరాను ముట్టుకోలేదు కూడా. ఒక్కసారి దానిలోంచి చూడండి అంటే, "నాకెందుకులే" అనేవారు.

అలా మొదలైంది. ఆదివారం పొద్దున హఫీజ్‌పేట్‌లో ఎంఎంటిఎస్ లోకల్ రైలు ఎక్కి లేడీస్ పెట్టెలో కూర్చుంటాను. హైటెక్ సిటీ పక్క స్టేషనే, కూర్చుని సర్దుకునేలోపు దిగాలి. అక్కడి నుంచి నడక. మిగతా ఆరు రోజులు నడవడానికి సందు దొరకని రోడ్లు ఆదివారం కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. అద్దాల మేడలు, మెట్రో స్తంభాలు, ఇడ్లీ బండ్లు, నిద్రమొహాలతో టీ తాగే కుర్రాళ్ళు, మోకాలెత్తు నీలం బకెట్లు పట్టుకుని షిఫ్టుకి వెళ్ళే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు. పదిహేడేళ్ళు ఈ దారిలో తిరిగాను, స్కూటర్ మీద, తల వంచుకుని. ఇప్పుడు ఎడమకి చూస్తాను, కుడికి చూస్తాను, మళ్ళీ ఎడమకి. నేను ఎవరి కోసమో వెతుకుతున్నానని నలుగురూ అనుకునేవారు. అనుకోనీ.

కెమెరాతో గొడవలు తక్కువేం కాదు. పైన మేస్త్రీలు వాడే రసమట్టం లాంటి గాలిబుడగ ఉంటుంది, అది మధ్యలో నిలబడకపోతే ఫ్లైఓవర్ అరటికాయలా వంగుతుంది. డబ్బా తిరిగే వైపే వెళ్తున్న బస్సు ఫోటోలో పొడుగ్గా సాగుతుంది, ఎదురొచ్చేది నలిగిపోతుంది. వేళ్ళు అడ్డు రాకుండా ఉండాలంటే కెమెరాను వెనక నుంచి, అరచేతుల్లో పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకోవాలి. రెండో రీలుకి వేళ్ళు పోయాయి. మూడో రీలుకి ఫ్లైఓవర్ వంకర లేకుండా తిన్నగా వచ్చింది.

మా ఆయన మాత్రం ఆదివారాలు రైతుబజార్‌కి వెళ్ళడం మొదలుపెట్టారు. నాకంటే పావుగంట ముందో వెనకో ఇల్లు చేరేవారు. తెచ్చినవన్నీ నాసిరకం. బెండకాయలైతే విరగ్గొడితే విరగవు, నార. "ఇరవై ఏళ్ళ నుంచి కూరగాయలు తెస్తున్నరు, బెండకాయ తోక తుంచి చూడడం రాదా?" అని కసిరేదాన్ని. ఆయన తలొంచుకుని ఫ్యాన్ కింద కూర్చునేవారు.

నాలుగో రీలులో రెండు సంగతులు జరిగాయి.

మొదటిది పడడం. ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా మోకాలెత్తు ఇనప గుంజలు పాతారు. ఎడమకి చూసి, కుడికి చూసి, కిందికి చూడడం మర్చిపోయాను. మోకాలు ఠంగుమంది, బోర్లా పడ్డాను. కెమెరా మాత్రం నేలకి తగలనివ్వలేదు, మోచెయ్యి ఆనించి కాపాడాను. ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కి విన్నాను, తిరిగింది. తర్వాత లేచాను. చుట్టూ ఎవరున్నారో చూడలేదు, సిగ్గు. కోపం పట్టలేక రెండడుగులు వెనక్కి వేసి ఆ గుంజను ఫోటో తీశాను.

ఇంట్లో మోచెయ్యి చూసి ఏమైందన్నారు. బాత్‌రూమ్ గొళ్ళెం గీసుకుందన్నాను. ఒట్టు తప్పాను. తప్పినందుకు బాధ కూడా పడలేదు. ఆ ఆదివారం పోతే నాకు మిగిలేది పడకగది, హాలు, వంటిల్లు. ఆయన ఇంకేమీ అడక్కుండా కూరగాయల సంచిలోంచి ఆయింట్‌మెంట్ ట్యూబు తీశారు. ఇంట్లో అయిపోయిందని దారిలో కొన్నానన్నారు.

రెండోది ఆ పై ఆదివారం. ఒక అద్దాల మేడ ఎదురుగా రోడ్డు మీద నిలబడి బుడగ సరిచేసుకుంటుంటే సెక్యూరిటీ అతను వచ్చి నాకు కుడి పక్కన నిలబడ్డాడు.

"మేడం, ఇక్కడ ఫోటోలు దియ్యొద్దు."

"నేను రోడ్డు మీదున్న అన్నా. రోడ్డు మీ కంపెనీదా?"

"రోడ్డు మాది గాదు. బిల్డింగ్ మాది. పైనుంచి సార్లు చూస్తే నన్నంటరు. పరేషాన్ చెయ్యకండ్రి మేడం."

"గింత పెద్ద బిల్డింగ్ అందరికీ కనపడేటట్టు కట్టి, చూడొద్దంటే ఎట్ల? నేను జరగ."

అతను నావైపు కాకుండా ఎటో చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరే మేడం, ఒక్కటి. జల్ది దీస్కోండ్రి" అన్నాడు. నేను వెంటనే నొక్కాను. తిరుగు దారంతా గెలిచానన్న పొగరుతో నడిచాను. నా మాటకి ఇంకా బలముంది అనుకున్నాను.

ఆ రీలు ఒక మధ్యాహ్నం బాత్‌రూమ్‌లోనే కడిగాను. ఫిల్మును చక్రానికి చుట్టేది వెలుతురు చొరబడని నల్ల సంచిలో, చేతులు మాత్రం లోపల పెట్టి. అక్కడ ఎంత మంచి కళ్ళున్నవాళ్ళైనా తడుముకోవాల్సిందే, అందుకే నాకు ఆ పని ఇష్టం. ఆరాక, టేబుల్ లైట్ ముందు పట్టుకుని భూతద్దం పెట్టి చూశాను. నా కళ్ళకి ఒక్కసారి మొత్తం ఫోటో పట్టదు. ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి కుడికి జరుపుకుంటూ పోవాలి.

సెక్యూరిటీ ఫోటోలో ఎడమ అంచున, మెట్రో స్తంభం పక్కన ఒక మనిషి. రెండు చేతులూ జోడించి దండం పెడుతున్నాడు. మోచేతికి ఖాళీ కూరగాయల సంచి. కుడి అంచున సెక్యూరిటీ అతను ఆ దండం వైపే చూస్తున్నాడు. మధ్యలో నేను గెలిచిన మేడ.

నెగటివ్‌లో నలుపు తెలుపు తిరగబడి ఉంటాయి, అయినా ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి భుజాలు గుర్తుపట్టకపోతే ఎలా. వెనక్కి వెళ్ళాను. గుంజ ఫోటో. కుడి అంచున ఇడ్లీ బండి దాటి, ఒక కాలు ఫుట్‌పాత్ దిగి, చెయ్యి సగం ముందుకి చాచి ఆగిపోయిన మనిషి. అదే సంచి. మిగతా ఫోటోల్లో కూడా వెతికాను. ఏ అంచునో ఒక అంచున ఉన్నారు. కెమెరా ఎదురుగా మేడవైపు పెట్టి ఉంది కదా, ఇంత పక్కకి నిలబడితే పడను అనుకున్నారు పాపం. ఒక్కసారైనా దానిలోంచి చూసుంటే తెలిసేది.

కోపం వచ్చింది. గెలిచింది నేను కాదన్న కోపం. నా వెనక ఎవరో బతిమాలుకుంటే నాకు దారిచ్చారు. ఇంకెన్నిసార్లు ఎంతమందికి దండం పెట్టారో.

"ఇట్ల రండి" అన్నాను. వచ్చారు. భూతద్దం చేతికిచ్చి ఎడమ అంచు చూపించాను. చాలాసేపు చూశారు.

"ఇంత పక్కకి కూడా పడతానా ఇందులో?"

"పడ్తరు. ఒట్టేసిన్రు."

"నువ్వూ వేశావు" అన్నారు.

అప్పుడు గుంజ ఫోటో పెట్టాను. "ఇక్కడెందుకు ఆగిన్రు? నేను బోర్లా పడున్న. లేపలేదేం?"

ఆయన భూతద్దం కింద పెట్టారు. "సగం దూరం వచ్చేశాను. నువ్వు దెబ్బ చూసుకోకుండా ముందు కెమెరా చెవి దగ్గర పెట్టుకున్నావు. నేను వచ్చి లేపితే నువ్వు పడ్డది నేను చూశానని నీకు తెలిసిపోతుంది. తెలిస్తే ఒట్టు ప్రకారం నువ్వు మానెయ్యాలి. ఇంక బయటికి రావు. అందుకని ఆగిపోయాను."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆయనకి ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలుసు. కూర మాడుతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి. ఏడుస్తూనే చెప్పాను, ఎందుకంటే అప్పుడు చెప్పకపోతే ఆ ప్రేమకి లొంగిపోయి ఇంట్లోనే ఉండిపోతానని భయం వేసింది.

"వచ్చే ఆదివారం మీరు ఇంట్లనే ఉంటరు. స్టేషన్ దాకా కూడా రారు."

"మళ్ళీ పడితే?"

"పడ్త. లేస్త. మొన్న ఎవరు లేపిన్రు నన్ను? మీరే చూసిన్రు గదా. మీకంటే సాక్షి ఎవరున్నరు?"

ఈసారి ఆయన ఒట్టు అడగలేదు, వెయ్యలేదు.

ఆదివారం అదే మేడ దగ్గరికి వెళ్ళాను. అదే సెక్యూరిటీ అతను.

"ఇయ్యాల సార్ రాలేదా మేడం?"

"రాలే."

"మరి ఫోటో వద్దు మేడం."

"సార్ కోసం తీయనిచ్చినవు, నాకోసం తీయనియ్యవా?"

వాకీటాకీలో ఎవరినో పిలిచాడు. టై కట్టుకున్న సూపర్‌వైజర్ వచ్చాడు. నేను నిలబడ్డ చోటు రోడ్డు అని, రోడ్డు అందరిదని, ఒక్క అడుగు కూడా వాళ్ళ గేటు లోపల వేయనని, వేసేదాకా నన్ను ఆపే హక్కు వాళ్ళకి లేదని చెప్పాను. అతను పై అధికారికి ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. ఎండ నెత్తికెక్కింది, కాళ్ళు లాగాయి. దండం పెట్టడానికి అంచున ఎవరూ లేరు. ముప్పావుగంట తర్వాత వాళ్ళే విసిగిపోయి గేటు దగ్గరికి వెళ్ళిపోయారు. బుడగ మధ్యకి తెచ్చి ఒక్క ఫోటో తీశాను.

ఇల్లు చేరి బెల్లు కొట్టబోతుంటే తలుపు తెరుచుకుంది. గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకునే ఉన్నట్టున్నారు. నా మోకాళ్ళు, మోచేతులు కళ్ళతోనే తడిమి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయారు. గట్టు మీద బెండకాయలు లేతగా ఉన్నాయి.

మొన్న మళ్ళీ దవాఖానకి వెళ్ళాం. తెల్లటి వృత్తం ఇంకొంచెం చిన్నదైంది. ఇక ముందు కూడా అవుతుందేమో. నేను ఆదివారాలు మానలేదు, మానను.

ఆ ఆదివారం తీసిన మేడ ఫోటో కడిగిన రోజు ఆయనే వచ్చి భూతద్దం అడిగారు. ఎడమ అంచు దగ్గర, మెట్రో స్తంభం పక్కన తను నిలబడ్డ చోటు వెతుక్కున్నారు. అక్కడ నా బొటనవేలు ఉంది, స్తంభానికి అడ్డంగా, పెద్దగా.

"అయ్యో, వేలు అడ్డొచ్చింది" అన్నారు.

"అడ్డు రాలే" అన్నాను. "నేనే పెట్టిన."